సైకిల్ పోయింది: నేరం, పోలీసు, కోర్టు గురించి బడిపిల్లలకు ఒకే కేసుతో ఎనిమిది పీరియడ్లలో చెప్పే విధానం

మన పిల్లలకు కోర్టు తెలిసింది సినిమాల్లోంచే. జడ్జి సుత్తితో బల్ల మీద కొడతాడు, సాక్షి భగవద్గీత మీద చెయ్యి వేస్తాడు, ఆఖరి నిమిషంలో లాయరు కొత్త సాక్షిని లాక్కొస్తాడు. మన కోర్టుల్లో సుత్తి లేదు. ప్రమాణానికి గీతా అక్కర్లేదు. దేవుని పేరున ప్రమాణం చేయవచ్చు, లేదా మనస్సాక్షిగా నిజం చెబుతానని ధ్రువీకరించవచ్చు. 1969 నాటి ప్రమాణాల చట్టం రెండింటికీ వీలిచ్చింది. ఇక పాఠ్యపుస్తకంలోంచి వచ్చేది కింది కోర్టు, పై కోర్టు, ఆ పై కోర్టు అనే నిచ్చెన బొమ్మ. పరీక్ష అయ్యాక అది గుర్తుండదు.

ఒక చిన్న కేసును ఫిర్యాదు రాసిన క్షణం నుంచి తీర్పు దాకా పిల్లల చేత నడిపిస్తే విషయం నిలుస్తుంది. ఇక్కడ చెప్పే పద్ధతి ఎనిమిది, తొమ్మిది తరగతులకు. 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్లు ఎనిమిది. చివరి రెండూ పక్కపక్కనే పడేలా టైంటేబుల్ ముందే సర్దుకోండి. మధ్యలో గంట కొడితే కోర్టు సన్నివేశం చెడిపోతుంది.

మొదట టీచరు సరిచూసుకోవాల్సినవి

2024 జూలై 1 నుంచి చట్టాలు మారాయి. నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, పోలీసులూ కోర్టులూ నడవాల్సిన పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. పాత నోట్సులో దొంగతనం 379 అని ఉంటే ఇప్పుడది 303. హత్య 302 కాదు, 103. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి కాబట్టి పత్రికల్లో రెండు రకాల అంకెలూ కనిపిస్తాయి. ఈ సంగతి పిల్లలకు ఒక్క వాక్యంలో చెప్పండి. సెక్షన్ల అంకెలు మాత్రం బట్టీ పట్టించవద్దు.

అంకెలకన్నా మాటలు ముఖ్యం. తెలుగులో ఒక చిక్కు ఉంది. పోలీసులు అడిగినా ‘విచారించారు’ అంటాం, కోర్టులో నడిచేదాన్నీ ‘విచారణ’ అంటాం. పిల్లలు రెండూ ఒకటే అనుకుని, పోలీసులు తేల్చేశాక కోర్టు శిక్ష మాత్రమే వేస్తుందని నమ్ముతారు. అందుకే తరగతిలో మొదటిరోజు నుంచీ పోలీసులు చేసేదాన్ని ‘దర్యాప్తు’ అని, కోర్టులో జరిగేదాన్ని ‘విచారణ’ అని కచ్చితంగా పలకండి. అలాగే ఆరోపణ ఉన్న వ్యక్తి నిందితుడు. కోర్టు వాడుకలో అతనే ముద్దాయి. నేరం రుజువైతేనే దోషి. ఈ మూడు మాటల్నీ చార్టు మీద పెద్దక్షరాలతో రాసి ఎనిమిది పీరియడ్లూ గోడమీద ఉంచండి.

తరగతిలో ఎవరున్నారో మరవద్దు

40 మందిలో తండ్రి జైల్లో ఉన్న పిల్ల ఉండవచ్చు. కానిస్టేబుల్ కొడుకు ఉండవచ్చు. తనకు జరిగిన అన్యాయాన్ని ఇంకా ఎవరికీ చెప్పుకోని పిల్ల ఉండవచ్చు. అందుకని మూడు నియమాలు పెట్టుకోండి. ఊళ్లో జరిగిన అసలు కేసులు, అసలు పేర్లు తరగతిలో ఎత్తకూడదు. ‘మా ఇంట్లో’ అని మొదలయ్యే సంగతులు అందరి ముందూ చెప్పించకూడదు. అడగలేనివి చీటీ మీద పేరు లేకుండా రాసి వేయడానికి మూతకు చీలిక పెట్టిన ఒక ప్రశ్నల డబ్బా ఉండాలి.

పాఠం మొదలయ్యాక ఏ పిల్లయినా మీ దగ్గరికి ఒంటరిగా వచ్చి తనకు జరిగినదాన్ని చెప్పవచ్చు. అప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వవద్దు, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు. పూర్తిగా వినండి. గుచ్చి గుచ్చి అడగవద్దు, నిందితుడిని పిలిపించి నిలదీయవద్దు. పిల్ల వాడిన మాటలనే తేదీ, సమయం వేసి రాసుకోండి. లైంగిక నేరమైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి నేరాన్ని దాస్తే ఏడాది దాకా పడవచ్చు. ‘ముందు కమిటీలో మాట్లాడదాం, బడి పరువు’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసరానికి 112. ఈ రెండు నంబర్లూ డబ్బా మీదే అతికించండి.

కేసు తయారుచేయడం

ఎక్కువ మంది టీచర్లు పొరబడేది ఇక్కడే. హత్య కేసు పెడితే పిల్లలు ఉత్సాహపడతారు గానీ, ఆ ఉత్సాహమంతా కత్తి, రక్తం మీదకే పోతుంది. గృహహింస, లైంగిక నేరం, ఆత్మహత్య ఉన్న కేసులు నాటకంగా ఆడించనేకూడదు. దొంగతనం చాలు. అయితే ఏ వస్తువు, ఎంత విలువ అన్నది లెక్క చూసుకుని పెట్టాలి.

కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు దొంగతనం వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం కాదు. మెజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు కూడా మొదలుపెట్టలేరు. మీ కేసులో పోయింది 3,000 రూపాయల పాత సైకిలైతే ఎఫ్‌ఐఆర్ (ఫిర్యాదు మీద పోలీసులు నమోదు చేసే మొదటి నివేదిక) పాఠమే కుదరదు. మొదటిసారి నేరం రుజువై, సొత్తు తిరిగి ఇచ్చేస్తే ఆ విలువకు శిక్ష సమాజ సేవ. 20,000 లోపైతే సంక్షిప్త విచారణ, అందులో మూడు నెలలకు మించి జైలు వేయడానికి లేదు. ఆ పైన ఉంటేనే పూర్తి విచారణ చూపించగలం. కాబట్టి ఏడు నెలల కిందట 28,000 పెట్టి కొన్న బ్యాటరీ సైకిల్ పెట్టండి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు.

కథ ఇది. నవంబర్ 17, గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. డిగ్రీ చదివే 19 ఏళ్ల వాణి సాయంత్రం 6:10కి గ్రంథాలయం ముందు సైకిల్ నిలిపి లోపలికెళ్లింది. 7:30కి బయటికొస్తే లేదు. నాలుగు రోజులకు పక్క ఊరి పాత సైకిళ్ల కొట్టులో అది దొరికింది. బిల్లు మీది ఫ్రేము నంబరుతో సరిపోయింది. మెకానిక్ షెడ్డులో పనిచేసే 23 ఏళ్ల కిరణ్ తనకు 9,000కు అమ్మాడని కొట్టు యజమాని చెప్పాడు. రసీదు లేదు. ఎదురుగా టీ కొట్టు కెమెరాలో 6:52కి టోపీ పెట్టుకున్న ఒక మనిషి సైకిల్‌ను నడిపించుకుపోవడం కనిపిస్తుంది, ముఖం స్పష్టంగా లేదు. టీ మాస్టరు మాత్రం అది కిరణే అంటాడు. షెడ్డు యజమాని రిజిస్టరులో కిరణ్ 6:40కి పని దిగినట్టు ఉంది. షెడ్డు నుంచి గ్రంథాలయానికి అయిదు నిమిషాల నడక.

ఇప్పుడు సాక్ష్యంలో చిల్లులు పెట్టండి. కెమెరా గడియారం 11 నిమిషాలు ముందుంది. అంటే తెరమీది 6:52 అసలు 6:41. అప్పటికి కిరణ్ షెడ్డు గుమ్మం దాటి ఒక్క నిమిషమే అయింది. కానీ రిజిస్టరులో ఆ వారం సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. కొట్టు యజమానికి తన తలనొప్పి తనకుంది: దొంగసొత్తని తెలిసి కొనడమూ నేరమే, కాబట్టి వేలు ఇంకొకరి వైపు చూపించడం అతనికి లాభం. టీ మాస్టరు 30 మీటర్ల దూరంలో ఉన్నాడు, నవంబరులో ఆ వేళకు చీకటి పడుతుంది, వీధి దీపం ఆ వారం పాడైంది. కిరణ్ స్టేషన్లో ‘నేనే తీశాను’ అన్నట్టు పోలీసుల కాగితంలో ఉంది. ఇది మీరు పిల్లలకు పెట్టే ఉచ్చు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. చట్టంలో అలా ఎందుకు రాసిపెట్టారో పిల్లలే కనుక్కోవాలి: ఒప్పుకోలుకే విలువిస్తే దర్యాప్తు మానేసి లాఠీ తీస్తారు.

పేర్ల విషయంలో జాగ్రత్త. ముద్దాయి పేరు, పేట, వృత్తి మీ తరగతిలో ఏ కులాన్నీ, ఏ మతాన్నీ, ఏ కాలనీనీ చూపకూడదు. మీ బడి పిల్లల్లో ఎవరి తండ్రయినా మెకానిక్ అయితే కిరణ్‌కు వేరే పని ఇవ్వండి. ఇది చిన్న విషయం కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చి కొన్ని తెగలను పుట్టుకతోనే నేరగాళ్లని ముద్రవేశారు. బాపట్ల జిల్లా స్టువర్టుపురం ఆ చట్టం కింద ఎరుకలవారిని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం రద్దయినా మాటల్లో ఆ ముద్ర పూర్తిగా పోలేదు. తొమ్మిదో తరగతికైతే ఈ చరిత్రను పది నిమిషాలు చెప్పండి. నేరం మనిషి చేస్తాడు, కులం చేయదు అన్నది వాళ్లకు అక్కడే అర్థమవుతుంది.

కాగితాలు తొమ్మిది చాలు: ఫిర్యాదు, ఖాళీ ఎఫ్‌ఐఆర్ నమూనా, ఘటనా స్థలం పటం, సాక్షుల వాంగ్మూలాలు, సైకిల్ స్వాధీన పంచనామా (సాక్షుల ఎదుట స్వాధీనం చేసుకున్నట్టు రాసిన కాగితం), బిల్లు, కెమెరా దృశ్యం వివరణ, షెడ్డు రిజిస్టరు పేజీ, కిరణ్ ఒప్పుకున్నట్టున్న పోలీసుల కాగితం. ఒక్కోటి అరపేజీ మించకూడదు. మించితే వెనక బెంచీవాళ్లు చదవరు.

మొదటి పీరియడ్: ఏది నేరం, ఏది కాదు

మొదటి అయిదు నిమిషాల్లో పది వాక్యాలకు అవును, కాదు రాయించి ఆ చీటీలు దాచండి, ఆఖరిరోజు పనికొస్తాయి. ‘ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటే అరెస్టు చేసి తీరాలి’, ‘బెయిలు వస్తే కేసు పోయినట్టే’, ‘డబ్బు లేనివారికి లాయరు ఉండడు’ లాంటివి రాయండి.

తర్వాత 16 కార్డులు పంచి మూడు కుప్పలు చేయించండి: నేరం, సివిల్ తగాదా, తప్పే గానీ చట్టానికి పట్టనిది. తేలికవి నాలుగే పెట్టి, మిగతావి వాదన పుట్టించేవి పెట్టండి. చేబదులు తీర్చకపోవడం సివిల్. అదే బాకీకి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే నేరం కావచ్చు. పొలం గట్టు తగాదా సివిల్, గట్టు మీద కర్ర లేస్తే నేరం. నెలవారీ పరీక్షలో కాపీ కొట్టడం బడి చూసుకునేది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పేపరు బయటికి పంపడం 1997 నాటి చట్టం ప్రకారం నేరం. పద్దెనిమిది నిండని పిల్లాడు నాన్న బైకు నడిపితే? శిక్ష నాన్నకు: 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ కార్డు దగ్గర తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఫోనుల కాలం కాబట్టి ఒకటి తప్పక చేర్చండి: స్నేహితుడి కోసం తన బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ‘అద్దెకు’ ఇవ్వడం. సైబర్ మోసం డబ్బు ఆ ఖాతాలోంచి పోతే పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే. మోసపోయినవారు వెంటనే చేయాల్సింది 1930కి ఫోను. ఎంత ముందు చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

రెండో పీరియడ్: ఎఫ్‌ఐఆర్ రాయడం

వాణి పాత్ర ఒకరికిచ్చి అయిదు నిమిషాలు నోటితో ఫిర్యాదు చెప్పించండి. అందరూ స్టేషన్ రైటర్లే, అందరూ రాయాలి. నోటిమాటతో చెప్పినా పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఫిర్యాదికి ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

నమూనాలో ఈ గడులు ఉంచండి: స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, నేరం జరిగిన తేదీ సమయం, సమాచారం అందిన తేదీ సమయం, జనరల్ డైరీ (స్టేషన్లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) నంబరు, స్టేషన్ నుంచి ఘటనా స్థలం ఏ దిక్కున ఎంత దూరం, ఫిర్యాది వివరాలు, తెలిసిన లేదా అనుమానిత వ్యక్తి, ఆలస్యమైతే కారణం, పోయిన సొత్తు వివరం, విలువ, కోర్టుకు పంపిన సమయం. ఆలస్యం గడి దగ్గర ఆగి మాట్లాడండి. రెండు రోజులు ఆగి ఫిర్యాదు చేస్తే ముద్దాయి లాయరు మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

ఇరవై కాగితాలైనా ఒకే తప్పుతో వస్తాయి: ‘గుర్తుతెలియని దొంగ సైకిల్ తాళం పగలగొట్టి ఎత్తుకెళ్లాడు’. వాణి అది చూడలేదు. ఆమె చెప్పగలిగింది ‘6:10కి తాళం వేసి నిలిపాను, 7:30కి చూస్తే ఆ చోట సైకిల్ లేదు’ అన్నంతవరకే. చూసినదానికీ ఊహించినదానికీ తేడా పిల్లలకు పట్టుబడేది ఈ కాగితంతోనే. తప్పు రాసినవారి చేతనే ఎర్ర సిరాతో ఊహల కింద గీతలు గీయించండి. ఈ పీరియడ్‌లో ఇంకేమీ చేయకపోయినా ఇది చేయండి.

‘స్టేషన్లో తీసుకోకపోతే?’ అని అడుగుతారు. మెట్లు చెప్పండి. వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం అయితే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మా పరిధి కాదు అనడానికీ లేదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఇంటినుంచి ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. అయినా తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా, అక్కడా కాకపోతే మెజిస్ట్రేటుకు అర్జీ.

మూడో పీరియడ్: అరెస్టు, ఇరవై నాలుగు గంటలు

ఎఫ్‌ఐఆర్ అంటే అరెస్టు కాదు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరమని పోలీసులు కారణాలు రాయాలి. లేకపోతే హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. కిరణ్ కేసు మూడేళ్లదే. అయితే పాఠం కోసం అరెస్టు చేశారనే అనుకోండి.

బోర్డు మీద ఒక గీత గీసి అటు శనివారం రాత్రి 9, ఇటు ఆదివారం రాత్రి 9 రాయండి. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందుంచాలి. ‘ఆదివారం కోర్టు సెలవు కదా’ అని ఎవరో ఒకరు అంటారు. సెలవులకు మినహాయింపు లేదు, మెజిస్ట్రేటు ఇంటికైనా తీసుకెళ్లాలి. ఆ గీత మీద మిగతావి పెట్టించండి: అరెస్టుకు కారణం చెప్పడం, ఇంట్లోవారికి లేదా స్నేహితుడికి కబురు, లాయరుతో మాట్లాడే హక్కు, వైద్య పరీక్ష. అరెస్టు పత్రం, దానిమీద సాక్షి సంతకం అనే పద్ధతి 1996 నాటి డి.కె.బసు తీర్పుతో గట్టిపడింది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళను అరెస్టు చేయకూడదు, అసాధారణ పరిస్థితుల్లో తప్ప. అప్పుడూ మహిళా అధికారి, మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. సాక్షిగా అడగాలన్నా మహిళలను, పదిహేనేళ్ల లోపు పిల్లలను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లాలి.

‘మరి మేం చేస్తే?’ అన్న ప్రశ్న దీని వెనకే వస్తుంది. ఏడేళ్ల లోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య, చేసినదాని మంచిచెడ్డలు తెలిసే వయసా కాదా చూస్తారు. పద్దెనిమిది లోపు ఎవరైనా సరే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే వెళ్తారు. అందులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, పేరూ ఫొటో బడిపేరూ బయటపెట్టకూడదు. పదహారు దాటి ఘోర నేరం ఆరోపణ ఉంటే పెద్దవారిలా విచారించాలా వద్దా అని బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. దీన్ని దాచవద్దు. పిల్లలకేమీ కాదు అన్న భ్రమా, పోలీసులంటే అనవసరపు భయమూ రెండూ చేటే.

నాలుగో పీరియడ్: స్టేషన్‌కు వెళ్లడం

పది రోజుల ముందు స్టేషన్ హౌస్ ఆఫీసరుకు ప్రధానోపాధ్యాయుల సంతకంతో లేఖ ఇవ్వండి. ఒక విడతకు 20 మంది, ఇద్దరు టీచర్లు, అందులో ఒకరు మహిళ. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ముందే తీసుకోండి. నిమజ్జనం, జాతర, ఎన్నికల బందోబస్తు రోజుల్లో పెట్టుకోకండి. ఆ రోజుల్లో స్టేషన్లో మీతో మాట్లాడే మనిషే దొరకరు.

ప్రశ్నలు లేఖతోనే పంపండి. పంపకపోతే ‘బాగా చదువుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి’ అన్న ఉపన్యాసంతో గంట గడిచిపోతుంది. అడగాల్సినవి: రిసెప్షన్లో ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు, జనరల్ డైరీ ఎలా ఉంటుంది, స్వాధీనం చేసుకున్న వస్తువులు ఎక్కడ భద్రపరుస్తారు, బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు, కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి. ప్రతి స్టేషన్లో కెమెరాలుండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి ఆఖరిది పిల్లలు లెక్కపెట్టవచ్చు. లాకప్‌లో ఎవరైనా ఉంటే ఆ వైపు వెళ్లవద్దు. ఫొటోలు వద్దు. లాకప్‌లో పిల్లాడిని నిలబెట్టి సరదాగా తాళం వేయడం, లాఠీ చూపించి బెదిరించడం జరగకుండా ముందే మర్యాదగా చెప్పి ఉంచండి. ఆ భయంతో రేపు నిజంగా ఆపదొచ్చినప్పుడు ఆ పిల్లాడు స్టేషన్ గడప తొక్కడు.

వెళ్లే వీలు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి రాయండి. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల కార్యాలయం ఉంటుంది. బడుల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు పెట్టడం వాళ్ల పనుల్లో ఒకటి, ఖర్చుండదు. ఉచిత లాయరు సంగతీ వాళ్ల చేతే చెప్పించండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా లాయరును ఇస్తారు. ఫోను 15100.

అయిదు, ఆరు పీరియడ్లు: కోర్టు సిద్ధం చేయడం

40 మందిని రెండు కోర్టులు చేయండి. ఒకే కేసు, అవే కాగితాలు, వేరువేరు గదులు. ఒక్కో కోర్టుకు 20 మంది: మెజిస్ట్రేటు, బెంచ్ క్లర్కు, బయట నిలబడి మూడుసార్లు పేరు పిలిచే అటెండరు, కోర్టు కానిస్టేబుల్, ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) జట్టు నలుగురు, ముద్దాయి లాయర్ల జట్టు నలుగురు, ముద్దాయి, ప్రాసిక్యూషన్ సాక్షులు అయిదుగురు, షెడ్డు యజమాని, ఒక విలేకరి. జ్యూరీ పెట్టవద్దు, మన దేశంలో ఆ పద్ధతి పోయి దశాబ్దాలైంది.

సాక్షులకు తమ వాంగ్మూలం మాత్రమే ఇవ్వండి, మొత్తం కట్ట ఇవ్వకండి. కట్టంతా చదివిన సాక్షి కథను తనే అతికేస్తాడు. బాగా మాట్లాడే పిల్లలందరినీ లాయర్లను చేసే అలవాటు మానండి. నిదానంగా వినే పిల్ల మెజిస్ట్రేటు కుర్చీకి సరిపోతుంది.

ప్రశ్నలు అడగడం నేర్పడానికి ఒక పీరియడ్ మొత్తం కావాలి. తమ సాక్షిని అడిగేటప్పుడు జవాబు నోటికి అందించకూడదు. ‘కిరణ్ సైకిల్ తీసుకెళ్తుంటే చూశారు కదా?’ అని ఏపీపీ అడిగితే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్పాలి. ‘17వ తేదీ సాయంత్రం ఎక్కడున్నారు? ఏం చూశారు?’ అన్నది సరైన ప్రశ్న. ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ చేసేటప్పుడు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, దీనికి తిరగేసి, అవును కాదు తప్ప ఇంకో జవాబుకు చోటివ్వకూడదు. టీ మాస్టరును ఇలా అడిగించండి:

‘మీ కొట్టు నుంచి సైకిల్ నిలిపిన చోటికి 30 మీటర్లు ఉంటుంది. అవునా?’
‘ఆ వారం వీధి దీపం వెలగలేదు. అవునా?’
‘ఆ మనిషి టోపీ పెట్టుకున్నాడు. అవునా?’

ఇక్కడ ఆపేయాలి. పిల్లలు ఆపరు. ‘మరి ముఖం ఎలా గుర్తుపట్టారు?’ అని ఇంకో ప్రశ్న వేస్తారు. సాక్షి ‘ఆరేళ్లుగా రోజూ నా దగ్గర టీ తాగే మనిషండీ, నడక చూస్తే చాలదా’ అంటాడు, కట్టిన గోడ కూలుతుంది. ఈ జవాబును టీ మాస్టరు వేషం వేసే పిల్లాడికి ముందే చెవిలో చెప్పి ఉంచండి. ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగకూడదో వంద వాక్యాల్లో చెప్పినా అంత బాగా తెలియదు.

ఏడు, ఎనిమిది: విచారణ, తీర్పు

సమయం కొలుచుకోండి. అభియోగం చదివి ‘ఒప్పుకుంటారా, విచారణ కోరతారా’ అని అడగడం 3 నిమిషాలు. ఒక్కో సాక్షికి ప్రశ్నలు, క్రాసు కలిపి 6 నిమిషాలు, ప్రాసిక్యూషన్ సాక్షులకు 30. ముద్దాయి వివరణ 3. షెడ్డు యజమాని 6. వాదనలు చెరో 5. తీర్పు రాయడానికి 15. మొత్తం 67, మిగిలిన 23 నిమిషాలూ ఆలస్యాలకూ ఆఖరి చర్చకూ కావాలి. గడియారం బెంచ్ క్లర్కు చేతిలో ఉండాలి, మీ చేతిలో కాదు. మధ్యలో సరిదిద్దవద్దు. తప్పులు రాసుకుని తర్వాత చెప్పండి. పోలీసుల ముందు ఒప్పుకున్న కాగితాన్ని ఏపీపీ చదవబోతే అభ్యంతరం చెప్పాల్సింది ముద్దాయి లాయర్లు. వాళ్లు మరిస్తే ఆ కోర్టులో అది నమోదైపోనివ్వండి, చర్చలో బయటపడుతుంది.

తీర్పు మెజిస్ట్రేటు ఒక్కరే చదువుతారు గానీ, అందరూ 150 మాటల్లో రాయాలి. నాలుగు భాగాలు: తేల్చాల్సిన అంశం ఏమిటి, ఏ సాక్ష్యం నమ్మాను, ఏది నమ్మలేదు, ఎందుకు. ‘ఎందుకు’ లేని తీర్పుకు మార్కులు వేయకండి. అనుమానం బలంగా ఉన్నా సహేతుకమైన సందేహం మిగిలితే దాని ఫలితం ముద్దాయికే దక్కాలి.

రెండు గదుల్లో రెండు తీర్పులు రావచ్చు. రెండు కోర్టులనూ ఒకచోట కూర్చోబెట్టి ఒకరి తీర్పు ఒకరికి చదివించండి. కాగితాలు అవే అయినా ఒకచోట శిక్ష, ఒకచోట విడుదల ఎందుకొచ్చాయో వెతుకుతారు. ఏ సాక్షి తడబడ్డాడు, ఎవరు 11 నిమిషాల సంగతి అడగడం మరిచారు అని తేలుతుంది. అప్పీలు, సెషన్స్ కోర్టు, హైకోర్టు ఎందుకున్నాయో ఇప్పుడు చెప్పండి. ఆ నిచ్చెన బొమ్మకు అర్థం ఇక్కడే వస్తుంది. అమరావతిలో ఒక హైకోర్టు, హైదరాబాదులో ఒకటి ఉన్నాయని, 2019 జనవరి 1 దాకా రెండు రాష్ట్రాలకూ ఒకటే ఉండేదని కలపండి. ‘కిరణ్‌ను వదిలేస్తే వాణి సైకిల్ సంగతేమిటి?’ అని అడుగుతారు. సైకిల్ ఆమెదని బిల్లుతో తేలింది కాబట్టి ఆమెకే వస్తుంది. విచారణ ముగియకముందే మధ్యంతర కస్టడీకి, అంటే తీర్పు వచ్చేదాకా సైకిల్ తన దగ్గర ఉంచుకోవడానికి, కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు.

తప్పించుకోకూడని ప్రశ్న

‘ఇదంతా ఎందుకు సార్, ఎన్‌కౌంటర్ చేసేస్తే అయిపోతుంది కదా?’ తెలుగు నేలమీద ఏ తరగతిలోనైనా ఈ ప్రశ్న వస్తుంది. కోప్పడకండి, దాటవేయకండి. ఆ పిల్లాడికి బాధితురాలి మీద జాలి ఉంది, ముందు దాన్ని గౌరవించండి. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పండి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను విచారించాలని అందులో ఉంది. ఆ తర్వాత కిరణ్ కట్ట మళ్లీ తెరిచి ఒక్కటే అడగండి: నాలుగో రోజున కొట్టు యజమాని మాట విని ఇతన్ని దోషిగా తేల్చేసి ఉంటే, 11 నిమిషాల సంగతి ఎవరు బయటపెట్టేవారు? జవాబు మీరు చెప్పవద్దు. కేసులు ఏళ్లు పడతాయన్న వాళ్ల కోపం న్యాయమైనదే. మన జైళ్లలో ఎక్కువమంది ఇంకా విచారణ ఖైదీలే అని చెప్పి, ఆలస్యం వల్ల నష్టపోయేది ఇరువైపులవారూ అని చూపండి.

ఒక హెచ్చరిక. ఈ పాఠం అయ్యాక తరగతిలో ఎవరిదో పెన్నో డబ్బో పోతుంది, ‘మన కోర్టు పెడదాం టీచర్’ అంటారు. వద్దు. నిజమైన నింద పడ్డ పిల్లాడిని తోటివారి ముందు బోనులో నిలబెట్టకూడదు. సంచులు వెతకడం, వరసగా నిలబెట్టడం కూడా వద్దు. ఆ పిల్లాడితో, అతని ఇంటివారితో విడిగా మాట్లాడండి.

ఆఖరి పది నిమిషాల్లో మొదటిరోజు పది వాక్యాలకూ మళ్లీ జవాబు రాయించి, పాత చీటీలు తిరిగి ఇచ్చేయండి. ఎవరెన్ని మార్చుకున్నారో వాళ్లే లెక్కపెట్టుకుంటారు. ప్రశ్నల డబ్బాలో మిగిలినవి ఒంటరిగా కూర్చుని చదవండి. సహాయం అడుగుతున్నట్టున్న చీటీ ఉంటే ఆ రోజే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, పైన చెప్పిన దారిలో వెళ్లండి. చేతిరాత పోల్చుతూ తరగతిలో తిరగకండి. ‘ఇలాంటిది ఎవరికైనా జరిగితే నా దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు’ అని మర్నాడు అందరికీ కలిపి చెప్పండి. మిగతా చీటీలను చింపేయండి. ఆ చీటీ మాత్రం తేదీ వేసి భద్రంగా దాచండి.